బేరి పండును గట్టిగా ఉన్నప్పుడే తినాలా, మాగబెట్టి తినాలా?

హనుమకొండలో కొన్న బేరి పండ్లు ఒకసారి రాయిలా గట్టిగా, మరోసారి లోపల కుళ్లి ఉంటున్నాయని, ఏ రకాన్ని ఎలా తినాలో చెప్పమని అడిగారు. మా ఇంట్లోనూ చాలా కాలం ఇదే జరిగింది కనుక నేను తెలుసుకున్నది వివరంగా రాస్తున్నాను.

ముందుగా రకాన్ని గుర్తుపట్టాలి. వానకాలంలో తోపుడు బండ్ల మీద నాష్‌పాతీ పేరుతో అమ్మే, చుక్కలున్న గట్టి కాయను పంజాబులో పత్తర్‌నాఖ్ అంటారు. అది ఆసియా జాతి బేరి. చెట్టు మీదనే తినడానికి సిద్ధమవుతుంది కనుక అది మెత్తబడాలని ఎదురుచూడవలసిన పని లేదు. పలుచని ముక్కలుగా కోసి, ఉప్పు, కారం చల్లుకొని కరకరలాడుతుండగానే తినాలి. పంటికి ఇసుకలా తగిలేది మట్టి కాదు, పండులో సహజంగా ఉండే గట్టి జీవకణాలు, వాటిని రాతి కణాలు అంటారు. గింజల చుట్టూ అవి ఎక్కువ కాబట్టి ఆ భాగాన్ని కాస్త లోతుగా తీసివేయండి.

కశ్మీరు, హిమాచల్ నుండి వచ్చే బబ్బుగోషా, విదేశాల నుండి వచ్చే బార్ట్‌లెట్, ఆంజూ వంటివి ఐరోపా జాతివి. వీటిని చెట్టు మీదనే పండనిస్తే గింజల దగ్గర మొదలై లోపలి నుండి బయటికి మెత్తబడి పాడవుతాయి. అందుకే పక్వానికి వచ్చిన కాయను గట్టిగా ఉండగానే కోస్తారు, మాగబెట్టే పని మనదే. ఈ సంగతి తెలియక ఒక ఏడాది మా బాపు తెచ్చిన డజను ఆంజూ పండ్లను, బార్ట్‌లెట్ లాగే పసుపు రంగు తిరుగుతాయనుకొని వారానికి పైగా బుట్టలో ఉంచాము. ఆంజూ మాగిన తరువాత కూడా ఆకుపచ్చగానే ఉంటుంది. చివరికి కోస్తే పైన నిగనిగలాడుతున్న పండ్లన్నీ లోపల గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి. పారవేస్తుంటే అమ్మకు ప్రాణం ఒప్పలేదు.

అప్పటి నుండి నేను రంగును నమ్మడం మానివేసి, తొడిమ పక్కన మెడ దగ్గర బొటనవేలితో మెల్లగా నొక్కి చూస్తున్నాను. అక్కడ కొద్దిగా లొంగితే పండు ఆ రోజే తినడానికి సిద్ధమైనట్టు. నడుము కూడా మెత్తబడిందంటే ఆలస్యమైనట్టే. త్వరగా మాగాలంటే అరటిపండుతో కలిపి కాగితం సంచిలో పెట్టండి, అరటి నుండి వెలువడే ఇథిలీన్ వాయువు బేరిని మాగిస్తుంది. మెడ లొంగిన వెంటనే ఫ్రిజ్‌లోకి మార్చితే మరో రెండు మూడు రోజులు నిలుస్తుంది.

దాల్చినచెక్క రంగు తోలు, పొడవాటి మెడ గల బాస్క్ రకం మీకు దొరికితే, చక్కెర పాకంలో లవంగం వేసి ఉడికించండి, ముక్క చెదరదు. అయినా నా మనసు బబ్బుగోషా మీదనే. ఫ్రిజ్‌లో పెట్టినదైతే అరగంట ముందు బయటికి తీయండి. చలువ మీద దాని సువాసన తెలియదు. రసం మోచేతి దాకా కారుతుంది కనుక దానిని పళ్లెం ముందు పెట్టుకొని తినడం మంచిది.