ఆ కుర్చీ బొమ్మలో ఏం చూడాలి?

ప్రశ్న: చేత్తో చేసిన పాత చెక్క కుర్చీని నీటిరంగుల్లో వేసిన బొమ్మ చూశాను, 1930ల నాటి అమెరికాది అట. ఆనుకోవడానికి నిచ్చెనలా అడ్డపట్టీలు, అల్లిన సీటు, అంతే. వెనక గది కూడా లేదు. అందరూ అద్భుతం అంటున్నారు, నాకేమో ఫొటోలాగే అనిపించింది. ఇందులో మెచ్చుకోవాల్సింది ఏముంది?

జవాబు: ఫొటోలా ఉండటం దాని గొప్పేం కాదు లెండి. ముందు కాళ్ల మీద మెరుపు చూడండి. నీటిరంగుల్లో పద్ధతిగా వేసేవాళ్లు సాధారణంగా తెల్ల రంగు జోలికి పోరు, ఆ మెరుపు ఖాళీగా వదిలేసిన కాగితమే. అంటే మొదటి పూత వేయకముందే ఎక్కడ వదలాలో తేల్చుకోవాలి, ఒకసారి రంగు పడ్డాక ఆ తెలుపు మళ్లీ అలా రాదు. చెక్క రంగూ అంతే, పల్చటి పూత ఆరాక దాని మీద ఇంకోటి వేస్తూ పోవాలి, తొందరపడితే బురదే.

నా లెక్కలో అసలు పరీక్ష అతుకుల దగ్గర. ఇలాంటి కుర్చీల్లో చాలావాటికి కాళ్లు కాస్త పచ్చి కర్రతో, కాళ్లను కలిపే అడ్డకర్రలు బాగా ఎండినదానితో చేసేవాళ్లు, కాలు ఆరేకొద్దీ బెజ్జం బిగుసుకుని అడ్డకర్ర కొసను పట్టేస్తుంది. వెనక కాళ్ల మీద, పట్టీలు దిగేచోట సన్నటి గీతలు ఉన్నాయేమో చూడండి. అవి అలంకారం కాదు, బెజ్జం ఎక్కడ కొట్టాలో పనివాడు లేత్ (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) మీదే పెట్టుకున్న గుర్తులు. బొమ్మ వేసినాయన వాటిని వదల్లేదా, ముందు అడ్డకర్ర పాదాలు ఆనీ ఆనీ అరిగిన చోటు పట్టుకున్నాడా? కొందరు ఇవన్నీ నున్నగా దిద్దేసి షోరూం కుర్చీ చేసేస్తారు, నాకు ఒళ్లు మండుతుంది.

ఫొటో ఉండగా ఇంత శ్రమ ఎందుకంటారా? ఆర్థిక మాంద్యంలో పని లేని చిత్రకారులకు అక్కడి ప్రభుత్వం ‘ఇండెక్స్ ఆఫ్ అమెరికన్ డిజైన్’ పేరుతో పాత వస్తువుల బొమ్మలు వేసే పని ఇచ్చింది. 18,000కు పైగా ఉన్నాయి, వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో దాచారు. మీరు చూసింది బహుశా అందులోదే. అప్పటి కలర్ ఫొటోల రంగులు నిలుస్తాయన్న నమ్మకం లేదు, పైగా చిత్రకారుడైతే నీడలో కలిసిపోయే అతుకుని కూడా తేటగా చూపించగలడు. వస్తువుని నమోదు చేయడమే పని కాబట్టి వెనక గదితో అవసరం లేదు.

ఈసారి సీటు అంచు దగ్గర కాసేపు ఆగండి, అల్లిక కర్ర చుట్టూ తిరిగి కిందికి పోయే చోట. అక్కడ నీడ సరిగ్గా పడకపోతే మిగతాది ఎంత బాగున్నా ఆ సీటు మనిషి బరువు ఆపేలా కనిపించదు.