తీరప్రాంతంలో తిరిగే కారు అలాయ్ వీల్స్‌కు ఏ పూత వేయించాలి?

విజయనగరంలో ఉంటూ తరచుగా భోగాపురం వైపు తిరిగే మీ కారు అలాయ్ వీల్స్ మీద, పూత కింద తెల్లటి సన్నని గీతలు పాకుతున్నాయనీ, రెండు వీల్స్ అంచులు రోడ్డు పక్క రాళ్లకు గీసుకుపోయాయనీ రాశారు. స్ప్రే డబ్బా, ఒలిచేసే రబ్బరు పూత, పౌడర్ కోటింగ్, డైమండ్ కట్ అనే నాలుగింటిలో ఏది మేలనీ, ఏ రంగు బాగుంటుందనీ అడిగారు. మాది శ్రీకాకుళం. రొయ్యల చెరువుల పని మీద ఏళ్ల తరబడి కళింగపట్నం దారిలో కారు నడుపుతున్నాను కనుక ఉప్పు గాలి చక్రాలను ఏం చేస్తుందో దగ్గర నుంచి చూశాను. నా వరకు పౌడర్ కోటింగే సరైనదని తేలింది. అయితే పాత పూతనంతా లోహం కనిపించేదాకా తీసి, వెనకవైపు కూడా శుభ్రం చేసి వేసేవాళ్లు దొరికితేనే ఆ మాట నిలుస్తుంది.

మీరు చూస్తున్న తెల్ల గీతలు మురికి కావు, ఎంత కడిగినా పోవు. రాయి తగిలి క్లియర్ కోట్ (అన్నిటికంటే పైన వేసే రంగులేని పారదర్శక పూత) చిట్లిన చోట ఉప్పు తేమ లోపలికి దిగి, అల్యూమినియం పైపొరను తింటూ, చెదపురుగు గోడ లోపల దారి చేసుకున్నట్టు పూత కిందే ముందుకు పోతుంది. డైమండ్ కట్ వీల్స్‌కు ఈ బాధ మరీ ఎక్కువ. లేత్ మీద చెక్కిన ముఖం మీద రంగు ఉండదు, పల్చటి క్లియర్ కోట్ ఒక్కటే ఉంటుంది, అదీ పదునైన అంచుల దగ్గర ఇంకా పల్చబడుతుంది. మళ్లీ డైమండ్ కట్ చేయిస్తే చూడడానికి కొత్తవాటిలాగే ఉంటాయి గానీ, చెక్కిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది కనుక అది పదేపదే చేయించుకునే పని కాదు. మా బంధువు ఒకరు ముచ్చటపడి చేయించుకుంటే, ఒక వానాకాలం గడిచేసరికి అవే గీతలు అంచుల దగ్గర మళ్లీ మొదలయ్యాయి. క్రోమ్ పూత గురించి మీరు అడగలేదు, సముద్రానికి ఇంత దగ్గరలో దాని జోలికి పోకపోవడమే మంచిది.

రబ్బరు పూత, నలుపు మీ కారుకు నప్పుతుందో లేదో కొన్నాళ్లు చూసుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. పెట్రోలు చుక్క పడితే కరుగుతుంది, వాటర్ సర్వీసింగ్‌లో పంపు దగ్గరగా పెట్టి కొడితే అంచులు లేస్తాయి. పైగా పాత పూత మీదే దాన్ని వేస్తారు కాబట్టి లోపలి తినివేత ఆగదు. మామూలు స్ప్రే డబ్బా రంగు గట్టిపడే ద్రావణం లేనిది కనుక బ్రేకు వేడికీ, రాళ్ల దెబ్బలకూ ఎక్కువకాలం ఆగదు.

ఇక పౌడర్ కోటింగ్. విద్యుదావేశంతో పొడిని లోహానికి పట్టించి, సాధారణంగా 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ మధ్య ఓవెన్‌లో ఉంచి కరిగిస్తారు. మన ఊళ్లలో గేట్లకూ, కిటికీ గ్రిల్స్‌కూ ఈ పని చేసే షెడ్లు ఉన్నాయి గానీ, ఇనుప గేటు వేరు, పోతపోసిన అల్యూమినియం చక్రం వేరు. పోత లోహంలోని సన్నని రంధ్రాల్లో గాలి, తేమ చిక్కుకుని ఉంటాయి. పొడి చల్లకముందే ఖాళీ చక్రాన్ని ఒకసారి వేడిచేసి వాటిని బయటకు పంపకపోతే, ఓవెన్‌లో అవి పూతను పొడుచుకుని పైకి వచ్చి సూదిమొన గుంటలు మిగులుస్తాయి. నేను విశాఖపట్నం ఆటోనగర్‌లో చేయించుకునే ముందు అడిగిన మొదటి ప్రశ్న ఇదే, దీనికి తడుముకోకుండా జవాబు చెప్పిన చోటే వీల్స్ ఇచ్చాను. రెండో ప్రశ్న, పాత పూతను ఎలా తీస్తారని. రంగు ఊడదీసే రసాయనంతో గానీ, సన్నని రవ్వను గాలి ఒత్తిడితో కొట్టే బ్లాస్టింగ్‌తో గానీ తీయాలి. పాత రంగును విపరీతమైన వేడిలో కాల్చి ఊడగొడతామంటే అక్కడి నుంచి వచ్చేయండి. అలాయ్ చక్రానికి బలం వచ్చింది తయారీలో ఇచ్చిన వేడి, చల్లదనాల లెక్క వల్ల, ఆ లెక్క తప్పితే పైకి మెరుస్తూనే చక్రం మెత్తబడుతుంది.

మీ విషయంలో చిక్కు ఆ గీసుకుపోయిన అంచులతో వస్తుంది. టింకరింగ్ షెడ్డులో వాడే మామూలు పుట్టీ ఓవెన్ వేడికి నిలవదు, కనుక పౌడర్ కోటింగ్‌కు వెళ్తే ఆ గీతలను ఆకురాయితో, ఎమరీ కాగితంతో అరగదీసి నునుపు చేయడం ఒక్కటే దారి. గోరు తగిలితే ఆగేటంత లోతు మాత్రమే ఉంటే ఇది చాలు. అంతకంటే లోతైన గాట్లుంటే ఆ రెండు వీల్స్‌కూ పుట్టీ పెట్టి, ఎపాక్సీ ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి ముందు వేసే అడుగు పూత) మీద గట్టిపడే ద్రావణం కలిపిన టూ-కే రంగు, దాని మీద క్లియర్ కోట్ వేయించడం నయం. అప్పుడు నాలుగూ అదే పద్ధతిలో చేయించండి, లేకపోతే మెరుపులో తేడా తెలుస్తుంది. ఆ రంగు చల్లేటప్పుడు తగిన మాస్కు లేకుండా పక్కన నిలబడకండి, దాని ఆవిరి ఊపిరితిత్తులకు చేటు. ముసురు రోజుల్లో రంగు వేయించకపోవడమూ మేలు, తేమకు క్లియర్ కోట్ పాలిపోతుంది. ఇక వీల్ వంకరపోయినా, బీట పట్టినా దాని మీద డబ్బు పెట్టకండి. పూత బీటను కప్పుతుంది, బాగుచేయదు.

టైరు విప్పినప్పుడు ఒక చోటు తప్పకుండా చూడండి. మా కారుకు ఒకే టైరులో గాలి మాటిమాటికీ తగ్గిపోతుండేది, పంచరు షాపులో ఎంత వెతికినా మేకు దొరకలేదు. చివరికి రిమ్ము అంచు చుట్టూ సబ్బు నీళ్లు పోస్తే, టైరు రిమ్మును పట్టుకునే చోట సన్నని బుడగలు వరసగా వచ్చాయి. టైరు విప్పి చూస్తే ఆ గాడి పొడుగునా తెల్లటి గరుకు పొడి, దాని మీద పెచ్చులుగా లేచిన పాత రంగు. ముందువైపు మాత్రం రంగు వేసి టైరు విప్పకుండానే ఇచ్చేసే చౌక పనిలో ఈ చోటును ఎవరూ ముట్టుకోరు. ట్యూబ్‌లెస్ టైరుకు గాలి ఆగేది అక్కడే.

అలాగే, నట్లు కూర్చునే గుంటల్లోనూ, హబ్‌కు (చక్రాన్ని బిగించే ఇరుసు చివరి భాగానికి) ఆనుకునే వెనక ముఖం మీదా పూత పడకుండా ప్లగ్గులు పెట్టించండి. అక్కడ పూత ఉంటే బిగించిన కొద్దీ నలిగి పల్చబడుతుంది, నట్లు వదులవుతాయి. మా బావమరిది కారుకు ఇలాగే జరిగింది. టైర్ ప్రెషర్ సెన్సర్లు ఉంటే ఓవెన్‌లోకి వెళ్లకముందే తీయించండి, రబ్బరు వాల్వులు కొత్తవి వేయించండి.

రంగు మీ ఇష్టం. అయినా అడిగారు కాబట్టి చెబుతున్నాను. నిగనిగలాడే నలుపు మీద మన ఎర్రమట్టి దుమ్మూ, బ్రేకు పొడీ పూటలోనే కనిపిస్తాయి. మ్యాట్ నలుపు మీద పడ్డ మరకను పాలిష్ పెట్టి పోగొట్టలేం, పెడితే ఆ చోటు మెరుస్తుంది. నేను గన్ మెటల్ (ముదురు బూడిద రంగు) వేయించాను, వారానికోసారి కడిగినా చాలుతోంది.

బిగించాక బ్యాలెన్సింగ్ చేయించండి, బరువులు అంచుకు కొట్టేవి కాకుండా లోపల అతికించేవి అడగండి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక కారు మాన్యువల్‌లో రాసిన టార్క్‌కు (బిగింపు బలానికి) టార్క్ రెంచితో నట్లన్నీ మరోసారి సరిచూడండి. తీరం నుంచి తిరిగి వచ్చిన రోజు, వీల్స్ చల్లారాక, స్పోకుల వెనకవైపు కూడా మంచినీళ్లతో కడగండి. యాసిడ్ ఉన్న వీల్ క్లీనర్లు మాత్రం వాడకండి.