పాత వాచీ కొనే ముందు చైన్ పట్టి చూడు

ఒరేయ్ చిన్నా,

నిన్న ఫోన్‌లో రోలెక్స్ వాచీల్లో పాత మోడల్ డేట్‌జస్ట్ 16014 కొననా, కొత్త మోడల్ 126234 కొననా బాబాయ్ అని అడిగి, డయల్ గురించీ లోపలి మిషన్ గురించీ అరగంట చెప్పావు గానీ చైన్ ఊసే ఎత్తలేదు. అక్కడే నాకు టెన్షన్ మొదలైంది. పొద్దున్నించీ రాత్రిదాకా నీ చేతికి తగిలేది చైనే కదరా.

నా దగ్గరున్నదీ 16014నే. 1986లో దుబాయ్‌లో ఉన్నప్పుడు కొన్నాను, ఎంతకి కొన్నానో మీ నాన్నకి ఇప్పటికీ చెప్పలేదు, నువ్వూ చెప్పకు. దానికి జూబ్లీ చైన్, అంటే వరసకి ఐదు ముక్కలు, మధ్యలో మూడు సన్నవి తళతళలాడుతూ. రోలెక్స్ వాళ్లు 1945లో డేట్‌జస్ట్‌తో పాటే తెచ్చిన డిజైన్ అది, కంపెనీకి 40 ఏళ్లు నిండాయని ఆ పేరు పెట్టారు. నా కాలం చైన్‌లో లింకులన్నీ గట్టివి కావు, మధ్యలో ఉన్నవి లోపల డొల్ల. వాచీకి ఆనుకుని ఉండే చివరి ముక్క అయితే మడిచిన రేకే. ఊపితే గలగలమంటుంది. లాక్ అయితే మరీ పల్చన, ఇంత డబ్బు తీసుకుని ఇదా ఇచ్చేది అనిపిస్తుంది. కొత్తదాంట్లో లింకులన్నీ గట్టి ముక్కలే, లాక్ పడితే టక్కుమని ఒకే శబ్దం. షాపులో రెండూ చేతిలో పెడితే ఎవడైనా కొత్తదే బాగుందంటాడు.

కానీ రాజమండ్రిలో మే నెల మధ్యాహ్నం పెట్టుకుని తిరిగి చూడు, పాతది చేతికి ఉన్నట్టే తెలీదు. కొత్తది బరువు, సాయంత్రానికి ఎప్పుడు తీసి బల్లమీద పెడదామా అనిపిస్తుంది (నీ వయసులో అనిపించదేమోలే). అయితే అదే ఎండకి చెయ్యి ఉబ్బుతుంది చూడు, అక్కడ కొత్తది గెలుస్తుంది. ఈజీలింక్ అని లాక్ లోపల చిన్న మడత ఉంటుంది, వేలితో లాగితే 5 మిల్లీమీటర్లు వదులవుతుంది. నేనేమో పిన్నీసు పట్టుకుని లాక్ పక్కనున్న చిల్లుల్లో స్ప్రింగు పిన్నుని నొక్కి ఒక చిల్లు జరుపుకోవాలి, రెండుసార్లు ఆ పిన్ను ఎగిరి మంచం కింద పడింది.

ఇక అసలు సంగతి. పాత చైన్ "సాగింది" అంటారు గానీ స్టీలు సాగదురా. చెమటా దుమ్మూ కలిసి లింకుల సందుల్లో నల్లటి ముద్దవుతుంది, అది ఆకురాయిలా పనిచేసి లోపలి పిన్నుల్నీ వాటి చుట్టూ ఉన్న లోహాన్నీ రోజూ ఇంత ఇంత అరగదీస్తుంది. ముప్ఫై నలభై ఏళ్లు అలా జరిగితే ఒక్కో లింకు దగ్గర వెంట్రుకవాసి ఖాళీ వస్తుంది, ఇరవై లింకుల ఖాళీ కలిస్తే చైన్ వేలాడిపోతుంది. చూడ్డం తేలిక. వాచీని పక్కకి తిప్పి, కిరీటం (అదే, పక్కన కీ ఇచ్చే గుండీ) పైకి ఉండేలా నిలబెట్టి పట్టుకుని చైన్‌ని గాల్లోకి వదిలెయ్. బాగున్నది దాదాపు తిన్నగా నిలుస్తుంది. అరిగిపోయింది సొరతీగలా కిందకి వంగిపోతుంది. కొంచెం వంగితే ఫరవాలేదు, ఆ వయసుకి అది మామూలే, బాగా వంగితే మాత్రం ధర తగ్గించమను లేదా వదిలెయ్. అరిగిన జూబ్లీని మళ్లీ బిగించేవాళ్లు ఉన్నారు, కానీ అందరికీ వచ్చే పని కాదు, ఖర్చూ ఎక్కువే.

తర్వాత లాక్ తెరిచి లోపల చూడు. 16014 జూబ్లీ మీద 62510హెచ్ అనే చైన్ నంబరు ఉండాలి. పక్కనే ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి, అక్షరం తయారైన సంవత్సరం, అంకె నెల. అక్కడ ఎస్ కనిపిస్తే సర్వీసులో మార్చిన లాక్ అని. అది మోసం కాదు, కానీ అమ్మేవాడు అన్నీ ఒరిజినలే అంటుంటే మాత్రం ఇదేంటని అడుగు.

లింకుల అంచులు కూడా వేలితో తడిమి చూడు. నా చైన్ ఒకసారి మెరుగు పెట్టమని ఒక షాపులో ఇచ్చాను, పేరెందుకులే. తిరిగొచ్చేసరికి అద్దంలా మెరిసింది, అంచులన్నీ సబ్బుబిళ్లలా గుండ్రంగా అరిగిపోయాయి. పోయిన లోహం మళ్లీ రాదు. అందుకే పాతదాని మీద గీతలుంటే సంతోషించు.

పాత వాచీకి కొత్త చైన్ తగిలిద్దాం అన్న తెలివి మాత్రం వద్దు. వాచీకి తగిలించే చోట చైన్ వెడల్పు రెండింటికీ 20 మిల్లీమీటర్లే కదా అంటావు, చివరి లింకు ఆ వాచీ ఒంపుకి సరిపోయేలా చేసింది కావాలి, లేకపోతే సందు తేలి వికారంగా ఉంటుంది. రోలెక్స్‌లోనే సబ్‌మెరైనర్ అనే ఇంకో వాచీకి అయితే 2020 మోడల్ నుంచి ఆ వెడల్పు ఏకంగా 21కి మార్చారు, పాత చైన్ ఎక్కే ప్రశ్నే లేదు.

నన్నడిగితే నీకు కొత్తదే. రోజూ పెట్టుకుంటావు, పిల్లాణ్ణి ఎత్తుకుంటావు, ఈత కొడతావు, డొల్ల లింకులకి అవన్నీ పడవు. పాతదే కావాలని మనసు లాగితే మాత్రం కొను, నెలకోసారి గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు రెండు చుక్కలేసి మెత్తని టూత్‌బ్రష్‌తో చైన్ తోము. తోమేముందు వాచీ కిరీటం బిగించి ఉందో లేదో చూసుకో, లేదా చైన్ విప్పి కడుగు, అన్నేళ్ల వాచీలో నీళ్లు దూరవని నేను పూచీ పడను.

అడ్వాన్స్ ఇచ్చేముందు, అలా పక్కకి పట్టుకుని వీడియో తీసి నాకు పంపు. ఫోటో కాదు, వీడియో.

బాబాయ్