మోడల్ యూఎన్‌కు బడి జట్టు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: హైదరాబాద్‌లో జరిగే మోడల్ యునైటెడ్ నేషన్స్ సదస్సుకు (పిల్లలు ఒక్కో దేశం ప్రతినిధులుగా ఐక్యరాజ్యసమితి తరహాలో చర్చించే సభ) రమ్మని మా ప్రిన్సిపల్‌గారి పేరిట ఆహ్వానం వచ్చింది. మూడు రోజుల కార్యక్రమం. ఎనిమిది నుంచి పదకొండో తరగతి దాకా పన్నెండు మంది పిల్లలు వస్తామంటున్నారు. ఇంతవరకు మా బడి నుంచి ఎవరూ వెళ్లలేదు. ఎవరికి వారు రిజిస్టర్ చేసుకోవాలా, బడి తరఫున చేయాలా?
– సోషల్ టీచర్, కరీంనగర్

జవాబు: బడి తరఫునే చేయండి. విడివిడిగా ఫీజు కట్టిన పన్నెండు మందిని చాలాచోట్ల డెలిగేషన్‌గా, అంటే ఒకే బడి జట్టుగా లెక్కించరు. దేశాలు పంచేటప్పుడు బడి జట్లకు ముందు ఇచ్చి, మిగిలినవి విడిగా వచ్చినవాళ్లకు ఇస్తారు. డెలిగేషన్‌కు కనీసం ఎంతమంది ఉండాలో ఆహ్వానంలోనే ఉంటుంది. వెంట వచ్చే టీచర్‌కు ఫీజు ఉందా లేదా అన్నది కూడా అక్కడే చూసుకోండి.

రిజిస్ట్రేషన్ లింకు తెరవడానికి ముందు ఒక ఎక్సెల్ షీట్ సిద్ధం చేసుకోవాలి. అందులో ఒక్కొక్కరి పేరు, తరగతి, పుట్టిన తేదీ, సొంత మెయిల్, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు, ఇంతకుముందు వెళ్లిన సదస్సులు, తిండి వివరాలు, అలర్జీలు ఉండాలి. వాటి పక్కన కోరుకునే మూడు కమిటీలు (చర్చ జరిగే విడివిడి సభలు), ఒక్కో కమిటీలో మూడేసి దేశాలు రాయండి. ఫారం మధ్యలో ఆపితే కొన్నిచోట్ల మళ్లీ మొదటి నుంచి నింపాల్సి వస్తుంది. షీట్ చేతిలో ఉంటే పని అరగంటలో అయిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ తలనొప్పి పేర్లతోనే. మన దగ్గర ఇంటిపేరు ముందు వస్తుంది, ఫారంలో ‘లాస్ట్ నేమ్’ అని అడుగుతారు. ఒకే అబ్బాయి ఫారంలో ‘కె. సాయి’, బ్యాడ్జీ మీద ‘సాయి కె’, ఆధార్‌లో నాలుగు మాటల పూర్తి పేరు అయితే, చివరి రోజు సర్టిఫికెట్ మార్చమని డెస్కు చుట్టూ తిరగాల్సిందే. ఆధార్‌లో ఉన్నది ఉన్నట్టు, అక్షరం పోకుండా రాయండి. అందరికీ కలిపి బడి మెయిల్ ఒక్కటే ఇవ్వడం ఇంకో పొరపాటు. కమిటీ కేటాయింపు, బ్యాక్‌గ్రౌండ్ గైడ్ (అజెండాను వివరించే పుస్తకం), పొజిషన్ పేపర్ (దేశం వైఖరి రాసిచ్చే పత్రం) గడువు అన్నీ డెలిగేట్, అంటే దేశం తరఫున మాట్లాడే విద్యార్థి మెయిల్‌కే వస్తాయి. టీచర్ చూసి పిల్లలకు పంపేలోపు గడువు దాటిపోతుంది.

ఇక కోరికల పట్టిక. పిల్లలను అడిగితే పన్నెండు మందీ భద్రతా మండలి, అమెరికా లేదా రష్యా అని రాస్తారు. భద్రతా మండలిలో ఉండేవి 15 కుర్చీలు. అందులో ఐదు శాశ్వత సభ్య దేశాలవి. వాటిని నాలుగైదు సదస్సులు చూసినవాళ్లకే ఇస్తారు, అలా ఇవ్వడమే న్యాయం. మొదటిసారి వెళ్లేవాళ్లకు సర్వసభ్య సభ కమిటీలు మంచివి. జనం ఎక్కువ, ఒకరు కాసేపు తడబడినా ఎవరూ పట్టించుకోరు. అజెండాకు సూటిగా సంబంధం ఉన్న మధ్యస్థాయి దేశం కోరండి: సముద్రమట్టం గురించైతే మాల్దీవులు, శరణార్థుల గురించైతే జోర్డాన్ లేదా కెన్యా, నదీజలాలైతే బంగ్లాదేశ్. పాలస్తీనా, హోలీ సీ (వాటికన్‌లోని పోప్ పీఠం) మాత్రం మొదటిసారికి వద్దు. అవి పరిశీలక హోదా ఉన్నవి. ఈ సదస్సుల్లో వాటికి సభ నడిచే తీరుపై ఓటు ఉంటుంది గానీ తీర్మానంపై ఉండదు. అది తెలియక వెళ్లిన పిల్లలు చివరి రోజు నీరుగారిపోతారు.

ఎనిమిదో తరగతి వాళ్లకు డబుల్ డెలిగేషన్ ఉన్న కమిటీ దొరికితే వదలకండి. ఒకే దేశానికి ఇద్దరు, ఒకరు మాట్లాడితే ఇంకొకరు రాసుకుంటారు. లోక్‌సభ, అఖిలపక్ష సమావేశం లాంటి భారతీయ కమిటీలు తేలికనుకుంటారు కానీ అక్కడ చర్చ సగం హిందీలో సాగుతుంది. హిందీ ధారాళంగా రాని పిల్లలను అందులో వేయకండి. పన్నెండు మందిని ఒకే కమిటీలో కుక్కడం కూడా తప్పే. ఒక్కో దాంట్లో ఇద్దరు ముగ్గురు చాలు.

డబ్బు విషయం: ముందు తల్లిదండ్రుల సంతకంతో అంగీకార పత్రం, ఫీజు తీసుకోండి. ఆ తర్వాతే బడి ఖాతా నుంచి మొత్తం ఒకేసారి పంపండి. పన్నెండు ఫోన్ల నుంచి పన్నెండు చెల్లింపులు వెళ్తే ఎవరి డబ్బు ఎవరిదో అక్కడ తేల్చలేరు. డబ్బు చేరినట్టు ఖరారయ్యాకే కేటాయింపు చేస్తారు కనుక ఆ ఆలస్యం మీ పిల్లల దేశాలకే ముప్పు. యూటీఆర్ నంబరు (బ్యాంకు చెల్లింపు గుర్తింపు సంఖ్య) రాసిపెట్టుకుని, బడి పేరిట రసీదు అడిగి తీసుకోండి. చాలా సదస్సులు ఫలానా తేదీదాకా పేరు మార్చనిస్తాయి, డబ్బు మాత్రం వెనక్కివ్వవు.

ప్రశ్న: మావాడు అమెరికా కోరుకుంటే గాబన్ ఇచ్చారు. పేరే వినలేదు, ఫీజు వృథా అంటున్నాడు. మార్పించవచ్చా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: నిర్వాహకులను అడగడం కంటే తమ బడి జట్టులోనే ఎవరితోనైనా మార్చుకుంటే త్వరగా అవుతుంది. ఇద్దరి అంగీకారంతో టీచర్ మెయిల్ పెడితే సాధారణంగా ఒప్పుకుంటారు. కానీ మమ్మల్ని అడిగితే మార్చుకోవద్దంటాం. గాబన్ నేలలో 85 శాతానికి పైగా అడవి. 2016లో చమురు దేశాల కూటమి ఒపెక్‌లో తిరిగి చేరింది. 2022, 2023లలో భద్రతా మండలిలో తాత్కాలిక సభ్య దేశం. 2023 ఆగస్టులో అక్కడ సైనిక తిరుగుబాటు జరిగింది. అడవినీ చమురునూ రెంటినీ పట్టుకున్న దేశం వాతావరణ చర్చలో ఎన్ని వైపులైనా మాట్లాడవచ్చు. పైగా ఐక్యరాజ్యసమితిలో ఉన్న 193 దేశాల్లో 54 ఆఫ్రికావి. ఆ గుంపును కూడగట్టిన పిల్లవాడి దగ్గరికి అమెరికా డెలిగేటే నడిచి వస్తాడు.

ప్రశ్న: ఢిల్లీలో సదస్సుకు 20 మంది విద్యార్థులకు రైలు టికెట్లు తీశాం. ముగ్గురు రామన్నారు. వాళ్ల బదులు వేరే ముగ్గురిని తీసుకెళ్లవచ్చా?
– హెడ్‌మాస్టర్, నంద్యాల

జవాబు: ఇవి రెండు వేర్వేరు పనులు. సదస్సు వాళ్లకు పేరు మార్పు మెయిల్ వెంటనే పంపండి, కొత్త పిల్లల తరగతి, మెయిల్, ఫోన్‌తో సహా. రైల్వేలో గుర్తింపు పొందిన విద్యాసంస్థ విద్యార్థి టికెట్‌ను అదే సంస్థ విద్యార్థికి మార్చుకునే వీలుంది. బండి బయల్దేరడానికి 48 గంటల ముందే సంస్థ అధిపతి లెటర్‌హెడ్ మీద రాసివ్వాలి. అయితే మొత్తం బృందంలో పది శాతానికే, అదీ ఒక్కసారే. మీ లెక్కన ఇద్దరి పేర్లు మారతాయి, మూడో టికెట్ రద్దు చేసి కొత్తది తీసుకోవాలి. ఆన్‌లైన్ టికెట్ అయితే ప్రింటు, పాత, కొత్త విద్యార్థుల గుర్తింపు కార్డుల నకళ్లు పట్టుకుని రిజర్వేషన్ కౌంటర్‌కే వెళ్లండి.

ఇకముందు వెళ్లేవాళ్లకు: ముందస్తు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజులకే తెరుచుకుంటుంది, ఒక పీఎన్‌ఆర్‌పై ఆరుగురికి మించి రాదు. అంటే 20 మంది పిల్లలకు నాలుగు టికెట్లు, వాటికి తోడు టీచర్లవి. ఆడపిల్లలుంటే మహిళా టీచర్ తప్పనిసరిగా ఉండాలి.

ప్రశ్న: నేను ఇంటి దగ్గరే తీర్మానం మొత్తం రాసి ప్రింటు తీసుకెళ్లాను. కమిటీని నడిపే ఛైర్ చూసి పక్కన పెట్టించారు. నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో అలాగే తీసుకెళ్తారని చదివాను. మరి ఇక్కడ ఎందుకు కుదరదు?
– పదో తరగతి విద్యార్థిని, విజయవాడ

జవాబు: నువ్వు చదివింది నిజమే. 1968 నుంచి హేగ్‌లో జరుగుతున్న థిమన్ సదస్సు పద్ధతి అది. డెలిగేట్లు ముసాయిదాలు రాసుకుని వస్తారు, ముందు లాబీయింగ్‌లో, అంటే తమలో తాము మాట్లాడుకుని వాటిని కలుపుకుంటారు, తర్వాత చర్చ. మన దేశంలో ఎక్కువ సదస్సులు అమెరికన్ పద్ధతిలో నడుస్తాయి. ఆ పద్ధతిలో చర్చ మొదలయ్యాకే వర్కింగ్ పేపర్ (తీర్మానానికి తొలి రూపం), ఆ తర్వాత ముసాయిదా. ముందే రాసి తెస్తే కాపీ కిందే లెక్క. అందుకే రిజిస్ట్రేషన్ సమయంలోనే ఏ నియమావళి అని అడగాలి. ఆ ఒక్క మాట చాలా ఫారాల్లో కనిపించదు.

ఇంట్లో రాయాల్సింది పొజిషన్ పేపర్. చాలాచోట్ల ఒక పేజీ: అజెండాపై నీ దేశం ఇంతవరకు ఏం చేసింది, ఎలా ఓటేసింది, ఇప్పుడు ఏం కోరుతోంది. గడువు దాటాక పంపితే కొన్ని సదస్సుల్లో అవార్డుకు పరిగణించరు. నీ తీర్మానం ప్రింటు మాత్రం పారేయకు. అందులోని అంశాలను రెండు మూడు ముక్కలుగా చేసి మోడరేటెడ్ కాకస్‌లో (ఛైర్ పిలిచినవాళ్లు ఒక్క అంశంపై కొద్దిసేపు మాట్లాడే చర్చ) నిమిషం చొప్పున మాట్లాడు. నచ్చినవాళ్లు చిట్ పంపుతారు, అప్పుడు వాళ్లతో కలిసి అక్కడే మళ్లీ రాయవచ్చు.