గెట్ అనే క్రియకు ఉన్న ఇన్ని అర్థాలు ఎలా గుర్తుపెట్టుకోవాలి?

మీరు రెండు సంగతులు అడిగారు. నిఘంటువులో 'గెట్' కింద కనిపించే అర్థాలన్నీ ఎలా గుర్తుంటాయన్నది ఒకటి. 'ఐ గాట్ టు సీ హర్' అంటే 'ఆమెను చూడాలి' అనా, 'చూశాను' అనా అన్నది రెండోది. రెండోదాని వెనక నాకో అనుభవం ఉంది, దాన్ని చివర్లో చెప్తాను.

దయచేసి అర్థాల జాబితా బట్టీ పట్టకండి. నేను పట్టాను, అక్కరకు రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పక్క బల్ల మీద ఫోన్ మోగుతోంది. పనిలో మునిగి ఉన్న సీనియర్ తల ఎత్తకుండానే 'కెన్ యు గెట్ దట్?' అన్నారు. నాకు తెలిసిన గెట్ అంటే పొందడం, తేవడం. ఏం తెమ్మంటున్నారో అని చుట్టూ చూస్తుండగానే మోత ఆగిపోయింది. ఫోన్ ఎత్తమని ఆయన అడిగారు, అంతే. ఎవరైనా తలుపు తట్టినప్పుడు 'గెట్ ద డోర్' అన్నా వెళ్లి తలుపు తీయమనే.

ఆ తర్వాత నాకు పనికొచ్చిన పద్ధతి ఒక్కటే. గెట్‌ను పక్కన పెట్టి, దాని వెంట ఏ మాట వస్తోందో చూడటం. వెంట వస్తువు పేరు ఉంటే అందడమో, కొనడమో, తేవడమో. చోటు ఉంటే చేరడం. 'టయర్డ్', 'డార్క్', 'కోల్డ్' లాంటి మాట ఉంటే అలా అవడం. వీటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది మార్పు. ముందు లేనిది ఇప్పుడు వచ్చింది, లేదా ముందున్న చోట ఇప్పుడు లేము. 'షి ఈజ్ మ్యారీడ్' అంటే ఆమె పెళ్లయిన మనిషి. 'షి గాట్ మ్యారీడ్' అంటే పెళ్లి చేసుకుంది. మొదటిది ఉన్న స్థితి, రెండోది జరిగిన సంఘటన. 'ఐ గెట్ ఇట్' అంటే అర్థమైందని చెప్పడం కూడా ఇందులోదే, విషయం మనసుకు అందింది కాబట్టి. అయితే ప్రతి మార్పుకూ గెట్ వాడరు. చూపు పోతే 'గో బ్లైండ్', మతి తప్పితే 'గో మ్యాడ్', బట్టతల వస్తే 'గో బాల్డ్'.

మనం తడబడటానికి తెలుగు వాక్యం నడక కూడా ఒక కారణం. మనకు కోపం వస్తుంది, నిద్ర వస్తుంది, భయం వేస్తుంది. అవి వస్తుంటే మనిషి 'నాకు' అంటూ పక్కన నిలబడతాడు. ఇంగ్లీషులో ఆ మనిషే కర్త: 'ఐ గాట్ యాంగ్రీ'. వాక్యం మొదలుపెట్టేటప్పుడే 'నాకు'ను 'నేను'గా మార్చుకుంటే సగం తప్పులు పోతాయి.

ఇక ఎక్కువమంది పొరపాటు పడే చోటు 'చేయించడం'. 'ఐ గాట్ రిపేర్డ్ మై ల్యాప్‌టాప్' అని నేనే ఎన్నోసార్లు రాశాను. సరైన వరస 'ఐ గాట్ మై ల్యాప్‌టాప్ రిపేర్డ్'. వస్తువు ముందు, దానికి జరిగిన పని తర్వాత. మనకు 'ఇంచు' ఒక్కటి చాలు: చేయించాను, కుట్టించాను, రాయించాను. ఎవరిచేత చేయించామో చెప్పాలంటే 'ఐ గాట్ హిమ్ టు సైన్'. ఇక్కడ 'టు' తప్పనిసరి. 'ఐ మేడ్ హిమ్ సైన్' అన్నప్పుడు మాత్రం 'టు' రాదు, అర్థంలో కూడా బలవంతం ధ్వనిస్తుంది. గెట్ వాడితే నచ్చజెప్పో, బతిమాలో, ఎలాగో ఒప్పించి సంతకం పెట్టించానన్న ఛాయ ఉంటుంది. ఒక్క జాగ్రత్త: 'హి గాట్ హిజ్ బైక్ స్టోలెన్' కూడా ఇదే అచ్చులో ఉంటుంది, కానీ బైక్‌ను అతను దొంగిలింపజేయలేదు, పోగొట్టుకున్నాడు. అది సందర్భమే చెప్తుంది.

రూపాల గురించి క్లుప్తంగా: 'హావ్' తర్వాత వచ్చే రూపాన్ని అమెరికన్లు ఎక్కువగా 'గాటెన్' అంటారు, బ్రిటిష్ వాళ్లు ఎక్కువగా 'గాట్' అంటారు. అమెరికన్ వాడుకలో 'ఐ హావ్ గాట్' అంటే నా దగ్గర ఉంది, 'ఐ హావ్ గాటెన్' అంటే సంపాదించాను లేదా అయ్యాను. పరీక్ష రాసేటప్పుడు ఏదో ఒక పద్ధతికే కట్టుబడండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. కొన్నేళ్ల కిందట వేరే దేశంలో ఉండే సహోద్యోగిని తండ్రి చనిపోయారు. ఆమె పంపిన సందేశంలో ఒక వాక్యం: 'ఎట్ లీస్ట్ ఐ గాట్ టు సీ హిమ్'. 'కనీసం ఆయన్ని చూడాల్సి వచ్చింది' అని చదువుకున్నాను. తండ్రి గురించి అలా రాసిందేమిటా అని మనసు చివుక్కుమంది, జవాబు కూడా పొడిగా ఇచ్చాను. మాటల్లో 'ఐ గాట్ టు గో' అంటే 'వెళ్లాలి' అనే, అది 'ఐ హావ్ గాట్ టు గో'లో 'హావ్' రాలిపోయిన రూపం. ఆమె రాసింది అది కాదు. జరిగిపోయినదాని గురించి చెప్తూ 'గాట్ టు' తర్వాత క్రియ వస్తే ఆ అవకాశం దొరికిందని అర్థం. 'కడసారి చూపైనా దక్కింది' అని రాసింది ఆమె. అది తెలిశాక ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాను. మీ వాక్యం కూడా అలా జరిగిపోయినదాని గురించే అయితే 'ఆమెను చూడగలిగాను' అని చదువుకోండి.