కందిరీగ వేషం వేసిన ఈగ గురించి రాసేటప్పుడు

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు పేరు పెట్టబోతున్న కొత్త హోవర్‌ఫ్లై (గాలిలో ఒకే చోట నిలిచి ఎగిరే ఈగ) జాతి వర్ణన డ్రాఫ్ట్ నిదానంగా చదివాను. ఫొటోలు బాగున్నాయి, కొలతలు శ్రద్ధగా తీశావు. కానీ రాసిందంతా ఒక్క మాట చుట్టూనే తిరుగుతోంది: ఇది అచ్చం కందిరీగలా ఉంది. నీ సంబరం నాకు అర్థమైంది. కుట్టదని తెలిసినా చెయ్యి వెనక్కి లాక్కునేలా చేసే ఈగ అది, ముచ్చటపడకుండా ఎవరుంటారు? అయినా సరే, వర్ణనలోంచి ఆ మాట తీసెయ్.

ఆ పోలిక నీ జాతి ఒక్కదాని సొత్తు కాదు. హోవర్‌ఫ్లైల కుటుంబమైన సిర్ఫిడేలో ఇప్పటివరకు పేరు పెట్టిన జాతులు 6,000కు పైనే ఉన్నాయి. కందిరీగ వేషం వాటిలో ఎన్నో శాఖల్లో విడివిడిగా పుట్టింది. నీ ఈగ చేరిన సెరియాయిడిని తెగలోనైతే ఇంచుమించు అన్నిటిదీ అదే వేషం. పొడవాటి స్పర్శశృంగాలు, నలుపు మీద పసుపు పట్టీలు, నిలువునా మడిచిన కందిరీగ రెక్కలా కనిపించేలా ముందు సగం ముదురు రంగు పూసుకున్న రెక్క. మోనోసెరోమయా ప్రజాతిలో వీటికి తోడు సన్నటి నడుము కూడా ఉంటుంది. నువ్వు రెండు పేజీలు రాసింది ఇదే. ఆ రెండు పేజీలూ పక్క జాతికి అతికించినా సరిపోతాయి. ఇల్లు ఎక్కడ అని అడిగితే, తెల్లగోడలు, పెద్ద గుమ్మం, చాలా అందంగా ఉంటుంది అని చెప్పి ఊరుకున్నట్టుంది.

నీ పేపర్ ఎవరు చదువుతారో ఒకసారి ఊహించుకో. ఎక్కడో ఒక మ్యూజియంలో ఒకరు మైక్రోస్కోప్ ముందు కూర్చుని, పిన్నుకు గుచ్చిన ఒక ఎండిన ఈగను పట్టుకుని చూస్తుంటారు. నీ నమూనాను వాళ్లు ఎప్పటికీ చూడకపోవచ్చు. ఇది నీ జాతేనా కాదా అన్నది నీ వాక్యాలను బట్టే తేల్చుకోవాలి. అందుకే నీ ఈగకు అత్యంత దగ్గరి జాతులు ఏవో వెతికి పట్టుకుని, వాటి పక్కన దాన్ని పెట్టి రాయి. నుదుటి మీద స్పర్శశృంగాలను మోసే కాడ పొడవెంత, స్పర్శశృంగం మొదటి ఖండం ఆ కాడతో పోలిస్తే ఎంత, ఉదరం రెండో ఖండం ఎక్కడ అన్నిటికంటే సన్నబడింది, రెక్కలో ఆర్ 4+5 అని పిలిచే ఈనె (ఆకు ఈనెలా రెక్కలో కనిపించే గీత) వంపు దగ్గర చిన్న కొస పొడుచుకొచ్చిందా లేదా. ఇవి రాయి. ఆ ఈనెకూ దాని కింది ఈనెకూ మధ్య ఉండే నకిలీ ఈనె గురించి మాత్రం నీ జాతి వర్ణనలో అక్కర్లేదు. అది దాదాపు కుటుంబమంతటికీ ఉంది.

జంతువుల పేర్ల అంతర్జాతీయ నియమావళి కూడా ఇదే అడుగుతుంది. 1930 తర్వాత ప్రచురించే కొత్త పేరుకు, ఆ జాతిని మిగతావాటి నుంచి వేరు చేస్తాయని రచయిత భావించే లక్షణాలను మాటల్లో చెప్పి తీరాలి. ఫొటో ఎంత బాగున్నా ఆ మాటల చోటు తీసుకోలేదు.

రంగుల దగ్గర మరింత జాగ్రత్త. పసుపు పట్టీ వెడల్పును నువ్వు ప్రధాన తేడాగా పెట్టావు. చేతిలో ఉన్నవి కొన్నే నమూనాలు, అవీ ఒకే చోటివి. ఎపిసిర్ఫస్ బాల్టియాటస్ అనే మామూలు హోవర్‌ఫ్లైలో, ప్యూపా దశ చల్లటి వాతావరణంలో గడిస్తే బయటికొచ్చే ఈగ ముదురుగా ఉంటుంది. జాతి అదే, పట్టీలే మారతాయి. పైగా ఎండిన నమూనాలో పసుపు గోధుమ రంగుకు తిరుగుతుంది. కాబట్టి పట్టీలను వర్ణించు, కానీ జాతి భారమంతా వాటి మీద వెయ్యకు. మగ జననాంగాలను చూడు. ఉదరం చివరి భాగాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి శుభ్రం చేసి, గ్లిజరిన్‌లో ఉంచి బొమ్మ గియ్యి. తర్వాత ఆ భాగాన్ని గ్లిజరిన్ ఉన్న చిన్న గొట్టంలో వేసి, అదే నమూనా పిన్నుకు గుచ్చు. జననాంగాలు నమూనా నుంచి విడిపోయి తప్పిపోతే ఆ నష్టం పూడ్చలేం.

నువ్వు డీఎన్ఏ బార్‌కోడ్ (చిన్న డీఎన్ఏ ముక్కను చదివి జాతిని గుర్తుపట్టే పద్ధతి) కూడా చేయించావు, సంతోషం. సీఓఐ అనే జన్యువులోంచి తీసిన 658 అక్షరాల ఆ ముక్క గట్టి తోడే. కానీ హోవర్‌ఫ్లైలలో వేర్వేరు జాతులు ఒకే బార్‌కోడ్ పంచుకున్న సందర్భాలున్నాయి. దాన్ని సాక్షిగా ఉంచు, తీర్పు మాత్రం దాని చేతికి ఇవ్వకు.

ఇంకో టెన్షన్ ఉంది, అది నీకూ రావాలి. పాత రోజుల్లో ఆడ ఈగ ఒక్కదాన్నే, లేదా మగ ఈగ ఒక్కదాన్నే చూసి పేరు పెట్టిన జాతులు చాలా ఉన్నాయి. నీ దగ్గర ఉన్నవన్నీ మగవే. ఎప్పుడో ఆడదాన్ని మాత్రమే చూసి పేరు పెట్టిన జాతికి ఇవి మగవి కావని నీకెలా తెలుసు? ఆ ప్రజాతిలోని పాత టైపు నమూనాలు (పేరు పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్నవి) ఏ మ్యూజియంలో ఉన్నాయో కనుక్కో, కనీసం ఫొటోలు తెప్పించుకో. కందిరీగల పెట్టెలు కూడా తెరిచి చూడమని అడుగు. ఈ ఈగలు అక్కడ దాక్కోవడం వింతేమీ కాదు.

అనుకరణ సంగతి అసలు రాయొద్దనడం లేదు. చర్చ భాగంలో రాయి, అక్కడ మనసారా రాయి. 1862లో హెన్రీ వాల్టర్ బేట్స్ అమెజాన్ సీతాకోకచిలుకల మీద చెప్పిన ఆలోచన, అంటే హాని లేని జీవి ప్రమాదకరమైన దాని వేషం వేసి బతుకుతుందన్న మాట నుంచి మొదలుపెట్టినా బాగుంటుంది. కానీ 'ఫలానా కందిరీగను అనుకరిస్తుంది' అని రాసే ముందు, ఆ కందిరీగ అదే అడవిలో, అదే కాలంలో ఎగురుతోందా చూడు. ఫీల్డులో ఈగ ప్రవర్తన ఏమిటో కూడా రాయి. స్పైలోమయా లాంగికార్నిస్‌కు స్పర్శశృంగాలు పొట్టి, అందుకని ముదురు రంగు ముందుకాళ్లను తల ముందు ఆడిస్తుంది. పిన్నుకు గుచ్చిన నమూనా ఇలాంటిది ఎన్నటికీ చెప్పదు. నీ నోట్‌బుక్కులో ఉంటే అది పేపర్లోకి రావాలి.

భాష గురించి ఒక్కటే. కథ రాసేవాళ్లం ఒకే మాట మళ్లీ వాడటానికి ఇబ్బంది పడతాం. ఇక్కడ ఆ అలవాటు మానుకో. ఒక చోట 'ముదురు గోధుమ', ఇంకో చోట 'నల్లటి గోధుమ' అని రాస్తే అవి రెండు రంగులనే చదివేవాళ్లు అనుకుంటారు. ఒక భాగానికి ఒకే పేరు, మొదటి నుంచి చివరిదాకా.

పేరుగా నువ్వు అనుకున్న 'వెస్పిఫార్మిస్' (కందిరీగ ఆకారం కలది) వద్దు. 1758లోనే లిన్నేయస్ ఒక హోవర్‌ఫ్లైకి ఆ తరహా పేరు పెట్టాడు. నీ ఈగ తెగలోనే ఉన్న సెరియానా అనే ప్రజాతిలోనూ ఒక వెస్పిఫార్మిస్ ఉంది. రేపు నీ జాతిని ఆ ప్రజాతిలోకి మారిస్తే నీ పేరు నిలవదు. హోలోటైప్ (పేరుకు ఆధారంగా ఎంచుకునే ఒకే ఒక్క నమూనా) ఏదో, ఏ సంస్థలో ఉంచుతున్నావో స్పష్టంగా రాయి. పత్రిక ఆన్‌లైన్‌లో మాత్రమే వస్తుంటే, ప్రచురణకు ముందే జూబ్యాంక్‌లో (జంతువుల పేర్ల ఆన్‌లైన్ రిజిస్టర్) నమోదు చేసి ఆ సంగతి పేపర్లోనే కనబడేలా చూడు.

దగ్గరి జాతులతో పోలిక పేరా ముందు రాసి పంపు, మిగతా వర్ణన దాని తర్వాత చూద్దాం. జననాంగాల బొమ్మల పక్కన స్కేలు గీత మర్చిపోకు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య