రాయగలిగినా నోరు పెగలడం లేదు

ప్రశ్న: డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగ ప్రయత్నంలో ఉన్నాను. ఇంగ్లీషులో ఉత్తరమైనా, వ్యాసమైనా తప్పుల్లేకుండా రాస్తాను గానీ ఇంటర్వ్యూలో రెండు వాక్యాలు దాటితే నోరు పెగలదు. ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌వారు రాయడం పూర్తిగా మానేసి మాట్లాడటమే సాధన చేయమన్నారు. మానేయవచ్చునా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మానేయనక్కరలేదు. మాట్లాడితేనే మాట వస్తుందన్నది నిజమే గానీ, రాత అందుకు అడ్డమనడం సరికాదు. రెండింటికీ కావలసిన పదాలు, వ్యాకరణం ఒకటే. తేడా అంతా వ్యవధిలో ఉంది. కాగితం మీద ‘వేర్ డిడ్ యు గో’ అని సరిగ్గా రాసే మీరే, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర తెలుగు రాని స్నేహితురాలు ఎదురైతే ‘వేర్ యు వెంట్’ అనేయవచ్చు. మన భాషలో ప్రశ్నకు ‘డిడ్’ లాంటి సహాయక క్రియ అక్కరలేదు, కాలం క్రియలోనే ఇమిడి ఉంటుంది కనుక, తొందరలో ఆ అలవాటే ముందుకు వస్తుంది. నియమం మీకు తెలుసు. అది సమయానికి అందడం లేదు, అంతే.

కెనడాలో ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడుతూ బడిలో ఫ్రెంచి మాధ్యమంలో చదివే పిల్లలు ఏళ్ళ తరబడి విని అర్థం చేసుకుంటున్నా సొంతంగా వాడేటప్పుడు తప్పులు పోకపోవడాన్ని గమనించిన భాషాశాస్త్రవేత్త మెరిల్ స్వెయిన్, వినడం, చదవడం చాలవని, భాషను స్వయంగా ప్రయోగించి తీరాలని 1985లో ప్రతిపాదించారు. ఆ ప్రయోగంలో మాటతోపాటు రాత కూడా భాగమే.

కాబట్టి రాతను మాట తరువాతకు జరపండి. చదివిన వార్తనో, కైలాసగిరి విహారాన్నో ఎంచుకుని ఒకరికి 4 నిమిషాల్లో, అదే విషయాన్ని మరొకరికి 3 నిమిషాల్లో, ఇంకొకరికి 2 నిమిషాల్లో చెప్పండి. వినేవారు దొరకకపోతే ఫోనులో రికార్డు చేసుకోండి. ఆ తరువాత, తడబడిన వాక్యాలను మాత్రమే సరిచేసి రాసుకుని, కాగితం పక్కన పెట్టి మళ్ళీ చెప్పండి. ముందే వ్యాసం రాసి బట్టీపట్టడం మాత్రం నేను ఎవరికీ సూచించను. ఎదుటివారు ఒక్క అనుబంధ ప్రశ్న వేస్తే చాలు, అదంతా గాలికి పోతుంది. విదేశాలకు వెళ్ళేవారు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో, మాట పరీక్ష రెండో భాగంలో ఒక నిమిషం వ్యవధి, కాగితం ఇచ్చేది కూడా అంశాలు గుర్తుగా రాసుకోవడానికే.

రాత వల్ల ఒక చిక్కు లేకపోలేదు. రాసినట్టే పలకడం తెలుగులో మనకు అలవాటు కనుక, అప్పు అనే అర్థంలో ‘డెట్’ అనవలసిన మాటను స్పెల్లింగు చూసి ‘డెబ్ట్’ అంటూ ఉంటాం. కొత్త పదాన్ని నోటుపుస్తకంలోకి ఎక్కించేముందు నిఘంటువు యాప్‌లో దాని ఉచ్చారణ వినండి.